పులుపు విరిచిన ఏడాది

ఆవిరక్క అసలు పేరు ఆమె సొంత తమ్ముడికే చటుక్కున గుర్తు రాదు. పెద్దాసుపత్రి లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ మిషను ముందు నిలబడి నిలబడి జుట్టు నెరిసిపోయిన మనిషి. అక్కడివాళ్లు సరదాకి పెట్టిన పేరు ఆమె వెంట ఇంటికొచ్చి స్థిరపడిపోయింది. రిటైరైన దగ్గర్నుంచీ తమ్ముడింట్లో ఉంటోంది. ఉంటోంది అనడం మర్యాదకే. రాత్రి హాల్లో మడతమంచం వాల్చుకోవడం, తెల్లారి ఎవరూ లేవకముందే దాన్ని మడిచి తలుపు వెనక నిలబెట్టడం, అక్కడ ఒక మనిషి పడుకుని లేచిందన్న ఆనవాలు లేకుండా చెయ్యడం, ఇదీ ఆమె ఉండడం. ఆ ఇంట్లో ఆమెదని చెప్పుకోడానికి ఉన్నది పెరట్లో టమాటా తోట ఒక్కటే.

తోట అన్నానని పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. వంటింటి వెనక తలుపుకీ ప్రహరీ గోడకీ మధ్య నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే జాగా. ఆ జాగాలో ఆమె చెయ్యని చాకిరీ లేదు. చెవులు విరిగిన టీ కప్పుల్లో నారు పోసి కిటికీలో పెట్టి, పిల్ల మొక్కలకి ఎండ ఏ వేపు నుంచి వస్తే ఆ వేపు కప్పు తిప్పుతూ కూర్చునేది. నాటేటప్పుడు మెడదాకా పూడ్చేది, కాడకున్న నూగులోంచి కూడా వేళ్లు తన్నుతాయని. ఆసుపత్రి పారేసిన మంచాల ఇనప ఊచలు పాతి, చిరిగిన దుప్పట్ల పేలికలతో మొక్కల్ని కట్టేది. కొమ్మకీ కాడకీ మధ్య చంకల్లో మొలిచే పిలకల్ని పొద్దున్నే గోటితో తుంచేసేది. ఆ పసరు వేళ్లకి నల్లగా అంటుకుని, చెయ్యి కడిగితే నీళ్లు పచ్చగా కారేవి. ఆ చేత్తో ముఖం తుడుచుకుని, ఆ వాసనతోనే వంటింట్లోకి వచ్చేది.

తమ్ముడు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగిస్తాడు. ఊళ్లోవాళ్ల చూపంతా సరిచేసి ఇంటికొచ్చేసరికి ఆయనకి ఏమీ కనపడదు. అక్క చెప్పినా ఊఁ కొడతాడు, పెళ్లాం చెప్పినా ఊఁ కొడతాడు, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చెప్తే నీళ్లు నములుతాడు. మరదలు కాలేజీ ఆఫీసులో గుమాస్తా. నోరు మంచిదే. ఎవరినీ పల్లెత్తు మాట అనదు. ఆ మంచితనం ముందే ఆవిరక్కకి నోరు పెగిలేది కాదు. గయ్యాళి మనిషైతే ఎదురు తిరగొచ్చు, మర్యాదగా మాట్లాడేవాళ్లతో ఎలా దెబ్బలాడతాం.

ఆ ఏడాది నారు పోసే రోజుల్లోనే మాట బయటికొచ్చింది. భోజనాల దగ్గర మరదలు గ్లాసులో నీళ్లు పోసుకుంటూ అంది.

"వదినా, మా అమ్మకి మోకాళ్లు బొత్తిగా పని చెయ్యట్లేదు. మూడో అంతస్తు ఎక్కలేదు, దిగలేదు. ఒక్కత్తే ఉంది. పెరట్లో చిన్న గది వేయిద్దామనుకుంటున్నాం."

అనుకుంటున్నాం అన్న మాటకి ఆవిరక్క తమ్ముడి వంక చూసింది. తమ్ముడు కంచం వంక చూశాడు.

"పెరట్లో అంటే మొక్కలు..." అంది ఆవిరక్క.

"టమాటాలదేముంది వదినా, బజార్లో దొరుకుతాయి. మీరు కూడా ఆ ఎండలో ఎందుకు కష్టపడతారు చెప్పండి. పైగా పోయినేడు మీరు పెట్టిన సీసాలు అలాగే ఉన్నాయి కదా. నాకా, పులుపు తింటే చాలు గుండెల్లో మంట. మీ తమ్ముడు నా మూలంగా తినరు. ఎవరి కోసం చెప్పండి."

ఆ మాటలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. ప్రతి ఏడూ ఆమె కాయల్ని ఉడికించి, తొక్కా గింజా తీసి, చిక్కగా గుజ్జు చేసి సీసాలకెత్తేది. ఏడాది పొడుగునా వంటకి సరిపోవాలని ఆమె ఆశ. మరదలు చెంచాడు వేసుకుని, కళ్లు చికిలించి, నవ్వి, హ్యాండుబ్యాగులోంచి మంట తగ్గే మాత్ర తీసి చప్పరించేది. బాగానే ఉంది వదినా, నాకే పడదు, అనేది. సీసాలు అటక మీద దుమ్ము పట్టేవి.

తమ్ముడు చివరికి నోరు విప్పాడు. "ఈ పంట అయిపోనీ. ఇంట్లో తినేదైతే ఉంచుదాం. లేకపోతే అప్పుడు చూద్దాం."

ఎవరినీ నొప్పించకుండా తప్పించుకోడానికి అన్న మాట అది. ఆవిరక్క దాన్ని కోర్టు తీర్పులా పట్టుకుంది. ఇంట్లో తింటే తోట ఉంటుంది. తోట ఉంటే పొద్దున్నే లేచాక తను చెయ్యడానికొక పని, నిలబడ్డానికొక చోటు ఉంటాయి. ఇంతకీ ఇన్నేళ్లలో పెరట్లో గది వేసి, హాల్లో మంచం మడుచుకునే అక్కకి ఇద్దామని మాత్రం ఆ మొగుడూ పెళ్లాలకి తట్టలేదు. ఆమెకీ తట్టలేదు, అది వేరే సంగతి. లేమిడికి అలవాటు పడ్డవాళ్లు అడగడం కూడా మర్చిపోతారు.

ఆ పంటకి ఆమె కళ్లలో ఒత్తులు వేసుకుని కాపలా కాసింది. పూత రాలుతోందంటే సాయంత్రాలు కొమ్మల్ని వేలితో మెల్లగా తట్టింది. కాయల అడుగున నల్లమచ్చ పడితే గుడ్డు పెంకులు నూరి మొక్కల మొదట్లో పోసింది. రంగు తిరగ్గానే కొయ్యకుండా, తొడిమ దగ్గర పచ్చచార కూడా మాయమై, ముట్టుకుంటే తొక్క జారిపోయేదాకా మొక్క మీదే ఉంచింది. ఎంత పండితే అంత తీపి కదా అని. అయినా నాలుక మీద పెట్టుకుంటే చివర్లో ఆ పులుపు చురుక్కుమంటూనే ఉంది.

అప్పుడు లాండ్రీ గుర్తొచ్చింది. అక్కడ దుప్పట్లని సోడా నీళ్లలో ఉడికించేవారు. ఎన్నిసార్లు జాడించినా గుడ్డలో సోడా కాస్త మిగిలిపోతుంది. అది అలాగే ఉంటే రోగి ఒళ్లు మండుతుంది. అందుకని ఆఖరి నీళ్లలో పులుపు మందు ఒకటి కలుపుతారు. పులుపు తగలగానే సోడా విరిగిపోతుంది, గుడ్డ మెత్తబడుతుంది. ఆ మందు కొలిచి పోసే పని ఆవిరక్క ఇన్నేళ్లూ తన చేతుల మీద చేసింది. పులుపు సోడాని విరిచినప్పుడు సోడా మాత్రం పులుపుని ఎందుకు విరవదు, అనుకుంది. ఇంత సులువైనది ఇన్నేళ్లు తనకి తట్టనందుకు తనని తానే తిట్టుకుంది.

మొదటి గిన్నె ఉడుకుతుంటే ఒక చెంచా వంటసోడా వేసింది. గుజ్జు ఒక్కసారిగా నురగ కట్టి, గిన్నె అంచు దాటబోయి, మళ్లీ తగ్గింది. రంగు కాస్త ముదిరింది. వేలు ముంచి నాకింది. పులుపు లేదు. మెత్తగా, తియ్యగా, పాలమీగడలా గొంతులోకి జారిపోయింది. ఆమెకి నవ్వొచ్చింది. ఆసుపత్రి వంటాయన ఎప్పుడో చెప్పాడని ప్రతి ఏడూ సీసాకొక నిమ్మచెక్క పిండేది. అది రుచికోసమే అనుకునేది. పులుపు తీసెయ్యాలని సోడా వేసి, మళ్లీ నిమ్మకాయ పిండడమేమిటని ఈసారి అదీ మానేసింది.

సీసాల విషయంలో మాత్రం లోటు చెయ్యలేదు. మరిగే నీళ్లలో సీసాలూ మూతలూ తిప్పి తిప్పి ఉడికించింది. పట్టుకారుతో తీసి, వేడి గుజ్జు వేడి సీసాలో పోసి, మూత బిగించి, మళ్లీ నీళ్లలో నిలబెట్టి మరిగించింది. వంటిల్లంతా ఆవిరి. ఆ ఆవిరిలో ఆమెకి ఒళ్లు తేలికపడింది. శుభ్రం విషయంలో ఆవిరక్కకి వంక పెట్టేవాడు ఆ ఊళ్లో పుట్టలేదు. ఆపరేషను గదికి వెళ్లే గుడ్డలు ఆమె చేతి మీదుగా వెళ్లేవి.

మొదటి రోజు గుజ్జుతో కూర చేసి, కంచాల్లో వడ్డించి, తను గోడకానుకుని నిలబడింది. మరదలు అలవాటు చొప్పున కొంచెమే వేసుకుంది. చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్లు చికిలించలేదు. ఇంకో చెంచా తింది. గిన్నె దగ్గరికి లాక్కుని మరికొంచెం వేసుకుంది.

"వదినా, ఏం చేశారు దీన్ని. అసలు మంటే లేదు."

"కాయ బాగా పండనిచ్చానమ్మా," అంది ఆవిరక్క. సోడా సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. తన తెలివి తన దగ్గరే కొన్నాళ్లు ఉండనీ అనుకుంది. మెచ్చుకోలు కొత్తగా అందుకున్న మనిషికి ఆ మాత్రం బెట్టు ఉంటుంది.

"చూశావా, నేను చెప్పలా," అన్నాడు తమ్ముడు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా ఆ పూట ముగ్గురూ నవ్వారు. హ్యాండుబ్యాగు గోడకి వేలాడుతూనే ఉంది, మాత్ర బయటికి రాలేదు. పొద్దున రొట్టె మీద రాసుకుని తిన్నారు, సాయంత్రం పులుసులో వేసుకున్నారు. పొయ్యి మీంచి దిగింది దిగినట్టే అయిపోతోంది. సీసాలకెత్తినవి అటక మీదికి చేరుతున్నాయి, వాటి జోలికి పోవాల్సిన అవసరమే రాలేదు.

కొన్నాళ్లకి మరదలే తనంత తాను అంది. "ఈ ఏడాదికి పెరడు జోలికి పోవద్దులెండి. అమ్మకి కింది అంతస్తులో ఎక్కడైనా అద్దెకి చూద్దాం." తమ్ముడు ఊఁ కొట్టాడు. ఆయన జీవితంలో అంత మనస్ఫూర్తిగా ఎప్పుడూ ఊఁ కొట్టి ఉండడు.

ఆవిరక్కకి కాళ్లు నేల మీద ఆనలేదు. గెలిచానన్న సంతోషం, ఆ సంతోషానికి కాస్త సిగ్గు. మోకాళ్లు పడిపోయిన ముసలావిడ మేడ మీదే ఉండిపోయింది, టమాటా మొక్కలు కింద బతికాయి, ఇదీ జరిగింది. ఆ సంగతి ఆమెకి తెలుసు. మరదలి తల్లిని ఆమె పిన్నిగారూ అని పిలుస్తుంది. ఆవిడ చెడ్డదేం కాదు, వచ్చినప్పుడల్లా ఆవిరక్కా ఇలా కూర్చో అని పక్కన చోటు చూపించేది. ఆవిడకి ఏదో ఒకటి చెయ్యాలనిపించింది ఆవిరక్కకి. అటక మీంచి నిండుగా ఉన్న సీసాలు ఏరి, తుడిచి, సంచీలో సర్ది మరదలి చేతికిచ్చింది.

"అమ్మకి పట్టుకెళ్లు. పులుపు ఉండదని చెప్పు. మూత తియ్యకుండా దాచుకోమను, ఎన్నాళ్లైనా ఉంటుంది. అవసరమైనప్పుడు ఒకటీ ఒకటీ తీసుకుంటుంది, దిగాల్సిన పని లేకుండా."

మరదలు ఆ సంచీ అందుకుంటూ ఆవిరక్క చేతి మీద చెయ్యి వేసింది. పెళ్లయి వచ్చాక అలా చెయ్యి వెయ్యడం అదే మొదలు. ఆఫీసులో కూడా మా వదిన పెట్టిన గుజ్జు అని అందరికీ చెప్పుకుందట.

ఎండలు ముదిరాయి. ఒక ఉదయం ఆవిరక్క మొక్కలకి నీళ్లు పెడుతుంటే వంటింట్లో టప్‌మని పేలిన చప్పుడైంది. గ్యాసేమో అనుకుంది. పరిగెత్తి చూస్తే అటక మీంచి ఎర్రగా గోడమ్మట కారుతోంది. సీసా మూత ఎగిరిపోయి గిన్నెల మధ్య పడింది. కంపు. పుల్లటి కంపు కాదు, కుళ్లిన గుడ్డు లాంటి కంపు. స్టూలెక్కి చూసింది. ఒక్కో మూతా పైకి ఉబికి, బొటనవేలితో నొక్కితే టిక్కుమని లోపలికెళ్లి మళ్లీ పైకి లేస్తోంది. గుజ్జులో బుడగలు కదులుతున్నాయి.

పిన్నిగారికి పంపిన సీసాలు కళ్ల ముందు తిరిగాయి. పసరు చేతులతోనే ఫోనందుకుంది. ఎవరూ తియ్యలేదు. మరదలి ఆఫీసుకి చేస్తే, ఆమె అప్పుడే బయల్దేరిందన్నారు, తల్లికి బాగాలేదని పక్కింటివాళ్లు కబురు చేశారట.

పిన్నిగారిని చేర్చింది పెద్దాసుపత్రిలోనే. ఆవిరక్క వెళ్లేసరికి సెలైను ఎక్కుతోంది, ముఖం పీక్కుపోయి ఉంది. రాత్రంతా వాంతులు. మోకాళ్లు లేచే స్థితిలో లేవు కాబట్టి బాత్రూము దాకా పాక్కుంటూ వెళ్లిందట, తలుపు గడియ తియ్యలేక తెల్లారేదాకా అక్కడే పడి ఉందట. ఆవిరక్క ఎక్కడ చూడాలో తెలియక దుప్పటి వంక చూసింది. తన లాండ్రీ దుప్పటే, అంచు మీద ఇస్త్రీ సరిగ్గా పడలేదు.

"సీసాల్లో దాచిందేమైనా తిన్నారా," అని అడిగింది డాక్టరమ్మ.

"మూత తీస్తే బుస్సుమంది," అంది పిన్నిగారు నీరసంగా. "ఎంత గట్టిగా బిగించారో, ఇంత తాజాగా ఉందనుకున్నా. రుచి కాస్త తేడాగానే ఉంది. పాపం, ఆవిరక్క అంత ప్రేమగా పంపింది కదా, పారెయ్యబుద్ధి కాలేదు."

మరదలు మంచానికి అటు పక్క నిలబడి ఉంది. తల్లి పెదాలు తడిగుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది. ఆమె ఏదైనా అంటే బాగుండునని ఆవిరక్క అక్కడున్నంత సేపూ కాచుకుంది.

ఇంటికొచ్చి సీసాలన్నీ పెరట్లో బోర్లించింది. ఒక్కో మూతా తీస్తుంటే ఒక్కోటీ బుస్సుమంది. అటక మూలకి పోయిన రెండు సీసాలు మాత్రం తియ్యబోతే రాలేదు, మూతలు లోపలికి పీల్చుకుని గట్టిగా ఉన్నాయి. పోయినేటివి. అందరిచేతా వద్దనిపించుకున్నవి, సోడా పడనివి, నిమ్మచెక్క పిండినవి. చాకు దూర్చి ఒకటి తెరిచింది. శుభ్రంగా, ఎర్రగా, ఘాటుగా పులుపు వాసన. వేలితో నాకితే కళ్లు చికిలించేంత పులుపు.

అప్పుడర్థమైంది. ఆ సీసాల్ని ఏడాదిపాటు కాపాడింది ఆమె మరిగించిన నీళ్లు ఒక్కటే కాదు. పులుపు కూడా. ఏ పులుపుకి మరదలు మాత్ర వేసుకునేదో, ఆ పులుపే కాపలా కాసింది. దాన్ని ఆమె తన చేత్తో విరిచేసింది. మట్టిలో కూర్చుని గట్టిగానే ఏడ్చింది. ఇంట్లో ఎవరూ లేరు.

తమ్ముడు సాయంత్రం ఒక్కడే ఇంటికొచ్చాడు, బట్టలు పట్టుకెళ్లడానికి. ఆవిరక్క వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. చెప్పెయ్యాలి, నా శుభ్రం తప్పు కాదు, నా తెలివితక్కువతనం తప్పు, ఉన్నది ఉన్నట్టు చెప్తే తమ్ముడు అర్థం చేసుకుంటాడు, అనుకుంది.

"అది నేను చేసిన పనే. గుజ్జులో నేనొకటి వేశాను," అంది.

తమ్ముడు సంచీ కింద పెట్టాడు. "ఏం వేశావు?"

"వంటసోడా. పులుపు విరగడానికి. దానివల్లే పాడైంది."

"ఎవరు వెయ్యమన్నారు?"

ఎవరూ వెయ్యమనలేదు. "ఎవరికీ పడట్లేదని వేశాను. మీరు తినాలని."

"మరి ఆ రోజు అడిగితే కాయ పండనిచ్చానని చెప్పావు. సోడా మాటే ఎత్తలేదు."

"ఊరికేరా, చెప్పలేదంతే."

తమ్ముడు కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. ఏదైనా చూడ్డం ఇష్టం లేనప్పుడు ఆయన చేసే పని అది. తుడిచిందే తుడుస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"అక్కా, కోపం తెచ్చుకోకు. అవి పాడవుతాయని నీకు ముందే తెలుసా?"

కాసేపు ఆ మాట ఆమెకి ఎక్కలేదు.

"తెలిస్తే నీ కంచంలో వేస్తానట్రా?"

"మా కంచంలో వెయ్యలేదుగా," అన్నాడు తమ్ముడు. మెల్లగానే అన్నాడు, దుకాణంలో ఎవరికో అద్దాల నంబరు చెప్తున్నట్టు. "మాకెప్పుడూ పొయ్యి మీద నుంచి దించింది పెట్టావు. సీసాల్లోది ఆవిడకి పంపావు. మూత తియ్యకుండా దాచుకోమని కూడా చెప్పి పంపావు. ఆవిడ వస్తే తోట పోతుందని నీకు తెలుసు. నేను అనట్లేదక్కా. ఎవరైనా అంటే ఏం చెప్పాలి నేను?"

ఆయన చెప్పిన వాటిలో జరగనిది ఒక్కటి కూడా లేదు. తాజాది ఇంట్లో పెట్టింది, దాచింది బయటికి పంపింది, అందరూ చేసేదే అది. ఆ వరసలో పెట్టి చూస్తే ఇలా కనపడుతుందని ఆమెకి కలలో కూడా తట్టలేదు. అమ్మ పోయిన ఏడు నుంచీ ఆ పిల్లాడికి వండి పెట్టిన మనిషి ఆమె. నన్నిలా అడగడానికి నీకు నోరెలా వచ్చిందిరా అని అడగాలనిపించింది. పక్కకి జరిగి గుమ్మం దారి ఇచ్చింది. తమ్ముడు బట్టల సంచీ పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సంగతి మరదలికి చేరినట్టే ఉంది. మర్నాడు తల్లి దగ్గర్నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే అంది. "ఆయన అలా అడిగి ఉండాల్సింది కాదు వదినా. పెద్దవారు మీరు." అంతే అంది. నేను నమ్మలేదు వదినా, అంటుందేమోనని ఆవిరక్క ఆమె నోటి వంకే చూసింది. మరదలు కాళ్లు కడుక్కోడానికి వెళ్లింది.

మొక్కలు పీకమని ఎవరూ చెప్పలేదు. గదికి ఇటుకలు దిగిన రోజున ఆవిరక్కే పీకింది. మేస్త్రీ పలుగు పట్టుకుని గోడవారన బీడీ కాల్చుకుంటూ నిలబడ్డాడు. ఊచలు ఊడదీసి, పేలికలు విప్పి, ఒక్కో మొక్కనీ మొదలు పట్టి లాగింది. పిందెలు ఇంకా ఉన్నాయి, ఆకుపచ్చగా, గట్టిగా. వేళ్లు చాలా లోతుకి పోయాయి, కొన్ని రాక తెగిపోయాయి. మేస్త్రీ జాలిపడి, "కాయలు కోసుకుంటారా అమ్మా, ఆగుతాం," అన్నాడు. ఎవరు తింటారని కొయ్యాలి. వద్దంది.

గది తొందరగానే లేచింది. సున్నం తడారకముందే పిన్నిగారు వచ్చేశారు. కోలుకున్నారు కానీ మనిషి సగమయ్యారు. వచ్చిన రోజే ఆవిరక్కని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని వీపు నిమిరారు.

"నువ్వు కావాలని చేసి ఉండవులే," అన్నారు. "నాకు తెలుసు. ఎవరికైనా పొరపాటు జరుగుతుంది."

ఉండవులే. ఆ ఒక్క ముక్క ఆవిరక్క గుండెలో ముల్లులా దిగింది. ఆవిడ నిజంగా ఓదార్పుగానే అన్నారు. అవునండీ అని లేచి వచ్చేసింది.

పిన్నిగారి వంట మరదలే పొద్దున్నే లేచి చేసి, మూతల డబ్బాల్లో సర్ది ఆ గదిలో పెట్టి ఆఫీసుకి వెళ్తుంది. ఎవరూ ఏ నిబంధనా పెట్టలేదు. అమ్మకి పథ్యం కదా, అంటుంది. మిగతా ఇద్దరికీ వండేది ఎప్పటిలాగే ఆవిరక్క. ఆమె వండకపోతే ఎవరు వండుతారు. హాల్లో మంచం కూడా ఎప్పటిలాగే తెల్లారి మడిచి తలుపు వెనక పెడుతుంది. పెరట్లోకి వెళ్లడానికి పని లేదు కాబట్టి, మంచం మడిచాక వంటింట్లో ఊరికే నిలబడుతుంది.

ఒక రాత్రి భోజనాల దగ్గర వేడివేడిగా కూర వడ్డించింది. బజారు టమాటాలు, కోస్తే గట్టిగా, లోపల తెల్లటి చారలతో ఉన్నాయి. అయినా ఉన్నవాటితోనే జాగ్రత్తగా చేసింది. మరదలు తల్లికి మంచినీళ్లు ఇచ్చి రావడానికి లేచి వెళ్లింది. తమ్ముడు పేపరు మడిచి పక్కన పెట్టి, చెంచాతో కూర తీసుకుని నోటి దాకా తెచ్చి ఆగాడు. తల కాస్త వంచి చెంచాలో ఉన్నదాన్ని వాసన చూశాడు. పొయ్యి దగ్గర నుంచి అక్క చూస్తోందని అప్పుడు గమనించాడు.

"బాగుందక్కా," అన్నాడు.

చెంచా ఇంకా నోటి బయటే ఉంది.